టీకప్పు కింద సంధిపత్రం

తలనొప్పికి మందూ, పక్కింటి పిల్లకి సంబంధమూ, కొట్టుకునే రెండు దేశాలకి సంధీ - ఈ మూడూ మనవాళ్ళు అడక్కుండానే చెబుతారు. యుద్ధం ఆపే ఉపాయం తన దగ్గర లేదని ఒప్పుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

అందులోనూ మాది టోలిచౌకి. పేరులోనే చౌకీ ఉన్న పేట. ఒక పక్క 1687లో ఎనిమిది నెలలపాటు ఔరంగజేబు ముట్టడికి నిలిచిన గోల్కొండ కోట. ఇంకో పక్క రెండున్నర గంటల్లో ఏ యుద్ధాన్నైనా గెలిచేసే ఫిల్మ్‌నగర్. ఈ రెంటి మధ్యా కూచుని ఇరానీ చాయ్ తాగేవాళ్ళకి యుద్ధనీతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి!

2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, మే 7 నుంచి 10 దాకా మనకీ పాకిస్తాన్‌కీ పోరు జరిగింది కదా. ఆ నాలుగు రోజులూ మా టేబుల్ దగ్గర అందరూ సేనాధిపతులే. ఒక రాత్రి టీవీలో కరాచీ రేవు నాశనమైపోయిందన్నారు. ఉత్సాహం పట్టలేక ప్లేటు సమోసాలు తెప్పించుకున్నాం. తెల్లారి చూస్తే రేవు ఉన్నచోటే ఉంది. సమోసాలే ఖాళీ.

ఆ రోజుల్లోనే మన ఊళ్ళో కరాచీ బేకరీ బోర్డు మీద కొందరికి కోపం వచ్చింది. దేశవిభజనలో సింధు నుంచి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టిన దుకాణం అది. వదిలి వచ్చిన చోటి పేరొక్కటీ వెంట తెచ్చుకుంటే, ఇన్నేళ్ళకి ఆ పేరే నేరమైపోయింది.

అదిగో, అప్పుడు తీశారు మా మాస్టారు జేబులోంచి కాగితం. పైన 'ఒక పౌరుని ప్రతిపాదన' అని గుండ్రటి అక్షరాలు. కింద రెండే కలాలు.

ఒకటి: సముద్రంలో దారి తప్పి పట్టుబడ్డ జాలర్లని ఇరుపక్షాలూ ముందుగా వదిలిపెట్టాలి.

ఇది ఆకాశంలోంచి ఊడిపడిన ఆలోచన కాదు. మన శ్రీకాకుళం వైపు జాలర్లు పొట్ట చేతపట్టుకుని గుజరాత్ వెరావల్ వెళ్ళి, అక్కడి బోట్లలో కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, కరాచీ జైల్లో ఏడాది పైన మగ్గి, 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగు పెట్టారు. 'తండేల్' సినిమా వాళ్ళ కథ ఆధారంగా తీసిందే. నీటి మీద గీత ఎవరికి కనిపిస్తుంది? వాళ్ళ జాలర్లూ మన జైళ్ళలో ఉంటారు.

ఇంకో వింత ఉంది. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. అణుకేంద్రాల జాబితా అయితే 1992 నుంచీ ప్రతి జనవరి 1నా మార్చుకుంటూనే ఉన్నారు. కార్గిల్ దాన్ని ఆపలేదు. 2025లోనూ, పోరు ముగిసి రెండు నెలలు కాకుండానే, జులై 1న ఖైదీల జాబితాలు ఇటూ అటూ వెళ్ళాయి. మాటల్లేని అన్నదమ్ములు ఏడాదికోసారి ఉత్తరం మాత్రం మానలేదన్నమాట.

ఇక మాస్టారి రెండో కలం: జరిగింది మరిచిపోయి చేతులు కలపాలి.

మూల బల్ల దగ్గర సుబేదారుగారు గ్లాసు కింద పెట్టారు. రిటైరైన మనిషి. కొడుకు అప్పుడు సరిహద్దులో ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయన టీవీ పెట్టలేదు.

"మరిచిపోవడానికి మీకేం పోయింది మాస్టారూ?" అన్నారు మెల్లిగా.

ఎవరమూ మాట్లాడలేదు. మరి నిజమే కదా! పహల్గాంలో భర్త పోయిన ఇల్లాలి తరఫున క్షమించడానికి నేనెవణ్ణి? నేల వదులుకోమనడానికి అది నా పొలమా? ఎదుటివాడి జేబులోంచి తీసి దానం చేయడం చాలా సులువు. రాయబారాలన్నీ బహుశా అక్కడే చెడతాయి.

అలాగని పౌరుడు నోరు మూసుకు కూచోవాలా? అదీ న్యాయం కాదు. యుద్ధం మన పేరు మీదనే జరుగుతుంది, మన చప్పట్లు తిని బలుస్తుంది. అంచేత మనం వదులుకోదగ్గది మన దగ్గర ఒకటుంది - దూరాన కూచుని ఆనందించే ఆ సరదా. అదొక్కటే అచ్చంగా మన సొత్తు.

నేనీ మాట అంటే మాస్టారు కాసేపు ఆలోచించి, రెండో కలం కొట్టేసి కొత్తది రాశారు: 'రూఢి కాని విజయానికీ, రూఢి అయిన చావుకీ ఇకమీదట సమోసాలు తెప్పించను.'

సుబేదారుగారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇది మీరు ఇవ్వగలిగిందే" అని కింద సంతకం చేశారు. తరువాత నేనూ చేశాను.

మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి. మా కాగితం వల్ల కాదు లెండి. అది అప్పటికి సాసరు కింద తడిసి ఉంది. అయినా మాస్టారు దాన్ని ఆరబెట్టి దాచుకున్నారు. మళ్ళీ అవసరం పడదన్న నమ్మకం ఆయనకీ లేదు మరి.