కలుపులో కూర



తొలకరి పడ్డాక చేలల్లో విత్తనం వేసినవే కాదు, వెయ్యనివీ మొలుస్తాయి. గునుగు, తుమ్మి, గంగవాయిలి, దొగ్గలి. వ్యవసాయ పాఠం వీటిని కలుపు అంటుంది. జహీరాబాద్ వైపు మెట్ట చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు మాత్రం లేత చిగుళ్లు గిల్లి ఒడిలో వేసుకుంటారు. సాయంత్రానికి అదే కూర. డబ్బు పెట్టి కొన్నది కాదు, నీళ్లు పెట్టి పెంచిందీ కాదు.

గంగవాయిలినే తీసుకోండి. కాస్త పుల్లగా ఉండే ఈ ఆకులో, చేపల్లో మనం వెతుక్కునే ఒమేగా-3 కొవ్వుల్లో ఒక రకం ఉంది. గునుగు ముదిరితే బతుకమ్మకెక్కుతుంది, లేతగా ఉంటే పొయ్యెక్కుతుంది. ఇక తుమ్మికూర! తెలంగాణలో వినాయక చవితినాడు అది వండని ఇల్లు వెలితిగానే ఉంటుంది.

పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఈ ఆకులను ఏళ్లుగా పంటతో సమానంగా చూస్తున్నారు. ఆకును గుర్తుపట్టే వాళ్ల చూపు ఏ చదువుకూ తీసిపోదని నా నమ్మకం. నన్ను బాధపెట్టేది కలుపు మందు. ఒక్కసారి కొడితే గడ్డితోపాటు కూలితల్లి ఇంటి కూరా మాడిపోతుంది. ఆ నష్టాన్ని ఏ లెక్కలోనూ రాయరు.

ఈ వారం పల్లెకు వెళ్తే, ఆకు తెలిసిన పెద్దమ్మ వెంట చేనులోకి నడవండి. మందు కొట్టిన గట్ల మీద కొయ్యకండి. పేరు తెలియని ఆకును నోట పెట్టకండి. వేరు పీకకుండా చిగురు మాత్రమే గిల్లితే, మళ్లీ వారానికి మరో కూర.