రోగి మంచము చెంత ఎవరి మాట వినవలెను?

ఒక రాత్రి వైద్యుడు వ్రాసిన మందు మోతాదు మితిమీరినదని నర్సుకు అనుమానము కలిగెననుకొందము. “పెద్ద డాక్టరుగారికి నేను చెప్పదగునా?” అని ఆమె ఊరకుండెను. రోగికి కీడు కలిగినయెడల దోషమెవరిది? వ్రాసిన వానిదా, చూచియు పలుకని ఆమెదా?

ఇద్దరిదియునని తీర్పు చెప్పుట సులభము. కాని అట్టి మౌనము ఒక్క దినమున పుట్టదు. అడిగినప్పుడెల్ల కసరుకొనిన గొంతు, “నీకేమి తెలియును” అను చూపు దానిని ఏండ్ల తరబడి పెంచును. కీడు కనబడినప్పుడు పలుకుట చిన్నవారి ధర్మము. వారు నిర్భయముగా పలుకునట్లు చేయుట పెద్దవారి ధర్మము. ఈ రెండవదానిని విడిచి మొదటిదానినే కోరుట న్యాయము కాదు.

“అందరును ఆజ్ఞాపించినచో వైద్యము సాగునా?” అని కొందరందురు. తుది నిర్ణయము ఒకరు చేయవలసినదే. అయితే నిర్ణయించు అధికారము ఒకరిదైనను, తెలిసికొను అవకాశము అనేకులది. వైద్యుడు రోగిని కొన్ని నిమిషములు చూచును. నర్సు రాత్రియంతయు చూచును. ఏ మందు ఏ మందుతో పొసగదో ఔషధశాలలోనివానికి తెలియును. రోగి అన్నము ముట్టలేదని ఆయాకు తెలియును. హోదా పెరిగినకొలది ఈ సంగతులు తమంతట తామే పైకి చేరవు; ఎవరో ఒకరు అడిగి తెలిసికొనవలెను.

వేలూరు చరిత్రయందు ఇందుకు మంచి దృష్టాంతము కలదు. అచ్చట ఐడా స్కడర్ దొరసానిగారు 1909లో నర్సులకు శిక్షణ ఆరంభించిరి. స్త్రీల వైద్య పాఠశాల 1918లో వెలసినది. తరువాత 1940వ దశకము చివర డాక్టరు పాల్ బ్రాండ్‌గారు అచ్చటనే కుష్ఠువలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేయ నారంభించిరి. కత్తి పని ముగిసినంతనే చెయ్యి బాగుపడదు. స్థానము మార్చిన కండరమునకు క్రొత్త పని నేర్పుటకు ఫిజియోథెరపిస్టు కావలెను. స్పర్శ తెలియని పాదమునకు పుండు పడకుండుటకు తగిన చెప్పులు కుట్టువాడు కావలెను. ఆ చెప్పు లేనియెడల శస్త్రవైద్యుని శ్రమయు వ్యర్థమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు ఒక పరీక్షా పట్టికను వెలువరించినది. కోతకు ముందు గదిలోనివారందరు తమ పేరును పనిని చెప్పుకొనవలెననునది అందులోనొక అంశము. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరములలో జరిగిన పరిశీలన ఫలితములు 2009లో వెలువడినవి; మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. అయితే 2014లో కెనడాలోని ఒంటారియో నుండి వచ్చిన పరిశీలనలో చెప్పుకొనదగిన తగ్గుదల కనబడలేదు. కారణములను గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములున్నవి. ఒక్కటి మాత్రము స్పష్టము: కాగితముపై గురుతు పెట్టినంత మాత్రమున వినుట అలవడదు.

అది చదువుకొను దినములలోనే అలవడవలెను. వైద్య విద్యార్థి ఒక తరగతిలో, నర్సింగు విద్యార్థిని వేరొక తరగతిలో ఏండ్లు గడిపి, తొలిసారి రోగి మంచము చెంతనే కలిసినయెడల, వారికి ఒకరిపై నొకరికి గౌరవము ఎట్లు పుట్టును? అందుచేతనే ఆ సంస్థ 2010లో, వేర్వేరు వైద్యవృత్తుల విద్యార్థులు ఒకరినుండి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకొనవలెనని కోరినది.

సైన్యాధిపతియైన నయమాను స్వస్థత ఎవరి మాటతో ఆరంభమాయెను? చెరపట్టబడిన ఒక చిన్నదాని మాటతో. అతడు కోపించి వెళ్లిపోవుచుండగా మరలించినవారు అతని దాసులే. వారు పలికిరి, అతడును వినెను. ఈ రెంటిలో ఏది లోపించినను అతడు రోగిగానే మిగిలియుండును.

ప్రియ చదువరులారా, మీలో వైద్యులున్నారు, నర్సులున్నారు, ఆ చదువులకు బిడ్డలను పంపిన తలిదండ్రులున్నారు. నేడు వార్డులో మీకంటె క్రింది పనిలోనున్న ఒకరిని, “ఈ రోగిని గూర్చి నీవేమి గమనించితివి?” అని అడుగుడి. వారు చెప్పినది మీ తలంపునకు విరుద్ధముగా నున్నను, ముగియువరకు వినుడి.