పాముల గద్ద, అనుపలబ్ధి ప్రమాణం

కనబడకపోవడం లేకపోవడానికి రుజువవుతుందా అన్న ప్రశ్నను భారతీయ దార్శనికులు నేలమీది కుండ వంటి అతి సామాన్య వస్తువును ముందుంచుకొని చర్చించారు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు 'అనుపలబ్ధి'ని, అంటే ఉండి ఉంటే తెలియవలసినది తెలియకపోవడాన్ని, ఆరవ ప్రమాణంగా నిలబెట్టగా, నైయాయికులు అభావం కూడా ప్రత్యక్షానికే అందుతుందని వాదించారు. వివాదం ఎటు తేలినా, 'యోగ్యత' అనే షరతు దగ్గర ఇరుపక్షాలూ కలుస్తాయి: పట్టపగలు ఊడ్చిన నేలమీద కనబడని కుండను లేదనవచ్చు గాని, చీకటి గదిలో కనబడనిదాన్ని లేదనరాదు.

మడగాస్కర్ తూర్పు వర్షారణ్యాల పాముల గద్ద విషయంలో ఈ షరతే మరుగున పడింది. 1875లో శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ పక్షి 1930లో సేకరించిన నమూనా తరువాత అర్ధశతాబ్దికి పైగా నిశ్చయంగా ఎవరి కంటా పడకపోవడంతో, అంతరించిందేమోనన్న అనుమానం బలపడింది. 1988లో మళ్లీ కనబడింది. 1990ల్లో మసోఆలా ద్వీపకల్పంలో పరిశోధకులు దాని జాడ తీసి, 1997లో గూటిని కూడా గమనించారు. గద్ద అనగానే మనిషి తలెత్తి ఆకాశంలోకి చూస్తాడు. పొట్టి రెక్కలు, పొడవాటి తోక గల ఈ పక్షి మాత్రం ఆకాశంలో గిరికీలు కొట్టక, చెట్ల గుబురులోనే మసలుతుంది. పేరు కూడా దారి తప్పించేదే: గూటికి చేరిన ఆహారంలో పాములకంటే ఊసరవెల్లులు, ఆకుతోక బల్లులే ఎక్కువ.

ఆ బల్లి పగలంతా మానుకు తలకిందులుగా అంటుకొని, ఒంటి అంచుల చర్మపు కుచ్చును బెరడుమీద పరచి తన నీడను తానే చెరిపేసుకుంటుంది. బెత్తెడు దూరంలో నిలిచిన మనిషికి కూడా అది బెరడే, గద్దకు మాత్రం ఆహారం. మరి యోగ్యత వస్తువులో ఉన్నదా, చూసే కంటిలో ఉన్నదా? బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి రెండింటినీ కోరాడు: వస్తువుకు తగిన స్వభావం ఉండాలి, జ్ఞానానికి కావలసిన తక్కిన కారణాలన్నీ సమకూడాలి, ఏది లోపించినా మిగిలేది సంశయమే తప్ప అభావనిశ్చయం కాదు. కుండకు సులువుగా సరిపోయిన ఈ నియమం అడవిలో ఎంత కఠినమో ఆయన ఊహించి ఉండడు.

ఈ గద్ద కూత గుర్తుపట్టడం వచ్చాక, అంతవరకు లేదనుకున్న చోట్ల కూడా అది ఉన్నట్టు తేలింది. కంటికి లేని యోగ్యత చెవికి దొరికింది. అయితే కూత వినబడని అడవిలో ఎన్ని ఉదయాలు కాచుకుంటే ఆ నిశ్శబ్దం అనుపలబ్ధి అవుతుందో ఏ దర్శనమూ లెక్క కట్టలేదు.