కాపాడువారిని కాపాడుట ధర్మము కాదా?

కాయకమును పూజతో సమముగా నిలిపిన శరణధర్మమునందు అలసటకు తావు కలదా? పరుల బిడ్డల దుఃఖమును రాత్రింబవళ్ళు మోయు ఉపాధ్యాయుడు గాని, వసతిగృహపు వార్డెను గాని ఒకనాడు ‘ఇక నావలన కాదు’ అని కూలబడినచో అది భక్తిలోపమా? మనోదౌర్బల్యమా? లేక ఆ భారమునంతయు ఒక్క నెత్తిపై మోపినవారి దోషమా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని దీనికి చెప్పు సమాధానముపై పసిబిడ్డల క్షేమము ఆధారపడియున్నది. కావున తొందరపడక విచారింపవలసిన విషయమిది.

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానములు పత్తికిని మిరపకును పుట్టినిండ్లు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడెను; 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుండి పల్నాడు, రెండు జిల్లాల భాగముల నుండి బాపట్ల కొత్త జిల్లాలుగా వెలసెను. హద్దులు మారినను పైరుల పంచాంగము మారలేదు. అక్టోబరు మొదలు సంక్రాంతి దాటువరకు పత్తి తీత. జనవరి మొదలు ఏప్రిల్ వరకు మిరపకోత. బడికిని ఇదియే ముఖ్యకాలము. పదవ తరగతి పరీక్షలు మిరపకాయ కల్లములలో ఆరుచున్న దినములలోనే వచ్చును. చేతులు చాలని యింట ముందుగా ఖాళీ అగునది బడిలోని బల్ల. కర్నూలు సీమలోని కోసిగి, ఆదోని ప్రాంతముల నుండి కుటుంబములకు కుటుంబములే ‘సుగ్గి’కని బయలుదేరి గుంటూరు మిరపచేలకు వచ్చుట ఏటేట జరుగుచున్నది. వెంట వచ్చిన పిల్లలు గట్లపై చెల్లెండ్రను ఆడించుచు నుందురు. ఊరిలో విడువబడిన పిల్లలకొరకు సీజనల్ హాస్టళ్ళు నడుపవలసి వచ్చినది.

ఈ పంటలు లాభము తెచ్చినపుడు మేడలు కట్టించినవి. తప్పినపుడు ఇండ్లు కూల్చినవి. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చివేయగా ఈ రెండు జిల్లాలలో అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలు చేసికొనిరి. 2021-22లో నల్లతామర పురుగు మిరపపూతను మాడ్చివేసెను. అట్టి యింటి వార్త పత్రికలకెక్కుటకు ముందే బడికి చేరును. మొన్నటి వరకు చలాకీగా లెక్కలు చెప్పిన బాలుడు పాఠము నడుమ నిద్రపోవును. వడ్డీవ్యాపారి యింటికి వచ్చిన మరునాడు బాలిక పుస్తకముల సంచి లేక వచ్చును. సంబంధము కుదిరిన పిల్ల ఆ మాట ఎవరికిని చెప్పక కిటికీ వైపు చూచుచు కూర్చుండును. ఈ సంగతులను కనిపెట్టవలసినవారు ఉపాధ్యాయులే. అక్షరము నేర్పుటతో పాటు ఆ బిడ్డ కంటినీరు చదువుట కూడ వారి కాయకములో భాగమైనది.

ఇక వసతి పాఠశాలల సంగతి చెప్పనక్కరలేదు. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో గురుకుల విద్యాలయము వెలసినది. సంక్షేమ వసతిగృహములు అంతకుముందునుండియే కలవు. వెనుకబడిన మండలముల బాలికలకొరకు 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల పథకము ఆరంభమైనది. ఇట్టి చోట్ల పగలు పాఠము చెప్పిన ఉపాధ్యాయినియే రాత్రి పహరా కూడ వహించును. అర్ధరాత్రి జ్వరము వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసికొనిపోవునదియు, తొలిసారి రజస్వలయై బెదరిన పిల్లకు ధైర్యము చెప్పునదియు, తల్లి చనిపోయిన వార్తను తెలుపవలసినదియు ఆమెయే. ఇట్టివారిలో పెక్కుమంది ఒప్పందపు ఉద్యోగులు. శాశ్వతోద్యోగి జీతము లేదు, శాశ్వతోద్యోగికి మించిన బాధ్యత కలదు. వారికిని ఇండ్లలో బిడ్డలు కలరు. పరుల బిడ్డలకు కాపలా యున్న రాత్రి తమ బిడ్డ ఎట్లు పడుకొన్నదో వారు ఎరుగరు.

ఈ భారమునకు చట్టము మరియొక బరువును చేర్చినది. అది న్యాయమైన బరువే. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుటను నేరముగా ఎంచినది. 2012లో వచ్చిన పోక్సో చట్టము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని గాని, జరుగునను భయమున్నదని గాని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని విధించినది. తెలిసియు తెలుపనివారికి ఆరు నెలల వరకు శిక్ష కలదు. సంస్థకు పెద్దయైనవారు తమ క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచినచో సంవత్సరము వరకు శిక్ష కలదు. సద్బుద్ధితో తెలిపినవారికి చట్టము రక్షణ యిచ్చుచున్నది. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో బాలల సహాయకేంద్రము పలుకును. ఇవన్నియు మంచి ఏర్పాట్లే. కాని చట్టము చెప్పినది చేసినవారి మనస్సును ఎవరు చూచుచున్నారు?

ఒక బాలిక చెప్పరాని మాటను ఉపాధ్యాయిని చెవిలో చెప్పినదనుకొందము. ఆ ఉపాధ్యాయిని దానిని భర్తకు చెప్పుకొనరాదు, తోడి ఉపాధ్యాయులతో ముచ్చటింపరాదు. బిడ్డ పరువును కాపాడుట ఆమె ధర్మము. ఫిర్యాదు చేయవలెను, బిడ్డ వెంట పోవలెను, సాక్ష్యము చెప్పవలెను. మరల మూడవ గంటకు తరగతిలో సంధులు చెప్పవలెను. ఇంతలో సాయంకాలము ఊరి పెద్దలు నలుగురు బడి అరుగుపైకి వచ్చెదరు. ‘అమ్మా, పిల్ల జీవితము పాడగును. మనవారి పరువు వీధిన పడును. పదిమందిలో తేల్చుకొందుము, మీరు ఈ కాగితము వెనుకకు తీసికొనుడు’ అందురు. వారు గౌరవనీయులే, గుడికి చందాలిచ్చినవారే. బిడ్డ దుఃఖముకంటె ఈ పెద్దల మర్యాదమాటలే ఆమెను ఎక్కువగా అలయజేయును. కష్టపడి పనిచేయుట వలన వచ్చిన అలసటను నిద్ర తీర్చును. ధర్మము చేయబోగా తనవారే అడ్డుపడుటవలన వచ్చిన అలసటను నిద్ర తీర్చజాలదు.

ఈ అలసటను లోకము ఇటీవలనే ఒక విషయముగా గుర్తించినది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వవేత్త అమెరికాలో ఉచిత వైద్యశాలల సేవకులను చూచి, సేవాభావము మెండుగా ఉన్నవారే ముందుగా మాడిపోవుచున్నారని వ్రాసెను. తరువాత క్రిస్టీనా మస్లాక్ అను విదుషి దీని లక్షణములను మూడుగా విభజించినది. మొదటిది, మనస్సు ఎండిపోవుట. రెండవది, ఎదుటివాడు మనిషిగా కాక వస్తువుగా కనబడుట. మూడవది, తాను చేసిన దానివలన ఏమియు ప్రయోజనము లేదను నిరాశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగా కాక, సరిగా నిర్వహింపబడని పని ఒత్తిడి వలన కలుగు స్థితిగా పేర్కొన్నది. ఈ నిర్ణయములోని నీతిని గమనింపవలెను. దోషమును మనిషిలోనే కాక, ఆ మనిషికి పని అప్పగించిన తీరులో కూడ వెదకుమని అది చెప్పుచున్నది.

ఈ మూడింటిలో రెండవదియే ప్రమాదకరము. మొదటి సంవత్సరము ఏడ్చుచున్న పిల్లను చూచి తానును కంటతడి పెట్టిన వార్డెను, పదవ సంవత్సరము ‘మరియొక కేసు’ అని నిట్టూర్చును. ఆమె చెడ్డది కాలేదు, ఎండిపోయినది. కాని బిడ్డకు ఆ భేదము తెలియదు. చెప్పవచ్చిన మాటను మ్రింగి, ఆ బిడ్డ తిరిగిపోవును. మరల చెప్పదు. కావున సేవకుని అలసట సేవకుని సొంత విషయము కాదు. అది బిడ్డ రక్షణలో పడిన కన్నము.

ఇచట ఒక ఆక్షేపణము వచ్చును. కన్నతల్లి అలసితినని బిడ్డను విడుచునా? రైతు అలసితినని చేనిని ఎండగట్టునా? ప్రతివాడును తన మనశ్శాంతిని చూచుకొన్నచో అర్ధరాత్రి తలుపు తట్టిన పిల్లకు తలుపు తీయువారెవరు? ఈ మాటలో సత్యము లేకపోలేదు. బిడ్డ ఆపదకు ఆదివారము లేదు. కాని రక్షణకు సెలవు లేదనుట వేరు, రక్షకునికి సెలవు లేదనుట వేరు. చేనికి నిత్యము కావలి యుండవలెననిన, ఒక్కడే నిత్యము మంచె దిగరాదని అర్థము కాదు; ఇద్దరు ముగ్గురు వంతులు వేసికొనవలెనని అర్థము. పూర్వము తల్లియు ఒంటరిగా బిడ్డను పెంచలేదు; నాయనమ్మ, పిన్నమ్మ, పొరుగింటి అవ్వ కలసి పెంచిరి. పలువురి ధర్మమును ఒక్కరి తలపై పెట్టి, ఆ ఒక్కరు కూలినపుడు సేవాభావము లేదని నిందించుట అధర్మము.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఎల్లరును ఎరిగినదే. మారయ్య కాయకము నేలరాలిన బియ్యపు గింజలనేరుట. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. దాసోహమునకే కదా, ఎక్కువ తెచ్చిన తప్పేమి? కాని లక్కమ్మ ఒప్పుకొనలేదు. అవసరమునకు మించినది ఆశయని చెప్పి, మిగులును తిరిగి పోసిరమ్మని పంపెను. ఈ కథను సాధారణముగా ధనాశకు విరుద్ధముగా చెప్పుదురు. కాని ఇందు మరియొక సూక్ష్మము కలదు. సత్కార్యమునకైనను కొలత యుండవలెను. పరుల దుఃఖము బియ్యము వంటిది కాదు, కొలిచి తెచ్చుకొనుటకు వీలుకాదని ఎవరైనను అనవచ్చును. నిజమే. కాని ‘ఈ బిడ్డలను నేను తప్ప ఎవరును కాపాడలేరు’ అను తలంపు దుఃఖము వలన పుట్టదు, అహంకారము వలన పుట్టును. అది త్యాగపు వేషము ధరించి వచ్చును గనుక గుర్తించుట కష్టము. లక్కమ్మ వంటి తోడు ఒకరు ప్రక్కనుండి ‘ఇది నీ కొలతకు మించినది’ అని చెప్పవలెను.

అట్లు చెప్పుటకు చోటు కావలెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో అల్లమప్రభువు అధ్యక్షతన సాగిన అనుభవ మంటపము అట్టి చోటు. చాకలియైన మడివాల మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, సర్వము విడిచి వచ్చిన అక్కమహాదేవి, తమ తమ బ్రతుకులలో తెలిసికొన్నదానిని అచట పలికిరి. కాయకముతో పాటు ఆ కాయకమున కలిగిన అనుభవమును పంచుకొనుటయు వారికి సాధనమైనది. నేటి బడులలో సమావేశములకు కొదువ లేదు. హాజరు లెక్కలకు ఒకటి, పరీక్షా ఫలితములకు ఒకటి జరుగును. బిడ్డల దుఃఖమును విన్నవారు తమ మనస్సు విప్పుకొనుటకు మాత్రము ఒకటియు లేదు. వారమునకొక గంట, బిడ్డ పేరు చెప్పకయే, తన బరువును మాత్రము చెప్పుకొనుటకు వీలు కల్పించినచో, అది ఖర్చులేని గొప్ప చికిత్స యగును. ఆ గంటలో తనిఖీ యుండరాదు. చెప్పినమాట ఉద్యోగపు కాగితములకెక్కరాదు.

సేవకునికిని ఒక ధర్మము కలదు. అలసితినని చెప్పుట సత్యము. అలసటను దాచి నవ్వుముఖముతో బిడ్డను నిర్లక్ష్యము చేయుట అసత్యము. కాని అలసట సాకుగా తెలిసిన నేరమును తెలుపక ఊరకుండుటకు చట్టమును ఒప్పదు, ధర్మమును ఒప్పదు. దించివేయుట వేరు, అప్పగించుట వేరు. కావడి మోయువాడు భుజము మార్చుకొనును, లేదా తోడివానికి అందించును, నడిదారిలో విసరివేయడు. అందుకొను చేయి యున్నపుడే అప్పగించుట సాధ్యము. ఆ చేతిని సిద్ధముగా ఉంచుట బడిపెద్దల పని. రాత్రి పహరా తరువాతి పూట విశ్రాంతి, ప్రతి బడిలోను ఫిర్యాదు వినుటకు ఒకరు కాక ఇద్దరు, పోలీసు ఠాణాకు పోవలసినపుడు తోడుగా మరియొకరు, ఒప్పందపు ఉద్యోగికి నెల తప్పని జీతము, ఇవి దయ కాదు. బిడ్డల రక్షణలో భాగములు.

ఇక సంఘపు పెద్దల ధర్మము మిగిలియున్నది. శరణమార్గములో నడుచు కుటుంబములు ఈ మైదానములలో పెక్కు కలవు. వారి మాటకు ఊరిలో విలువ కలదు. దాసోహమనగా పంక్తిలో అన్నము పెట్టుట మాత్రమే కాదు. అన్నము పెట్టుచున్నవారి చేయి నొచ్చినదేమోయని చూచుట కూడ. ఊరి వసతిగృహములోని వార్డెనును పండుగపూట ఇంటికి పిలిచి పలుకరించుట, పత్తి తీతల నాళ్ళలో పిల్లలను బడి మానిపింపకుండ ముఠామేస్త్రీలకు చెప్పుట, బాల్యవివాహపు పందిటికి పోకుండుట, ఇవి ఎవరైనను చేయదగినవి. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. రాజీ కుదుర్చుడని ఎవరైనను వచ్చి పిలిచినపుడు బడి అరుగెక్కుటకు నిరాకరింపవలెను. ఎక్కవలసియే వచ్చినచో, ఆ ఉపాధ్యాయిని ప్రక్కన నిలుచుటకై ఎక్కవలెను. పరువు పోవునది నేరము బయటపడుటవలన కాదు, నేరమును కప్పిపుచ్చుటవలన. ఒక ఊరిలో నలుగురు పెద్దలు ఈ మాటను స్థిరముగా పలికినచో, అచటి ఉపాధ్యాయిని నెత్తిపైని బరువు సగము దిగును. ఆమెను నమ్మి నోరు విప్పిన బిడ్డకు తోడు దొరకును.