గొంతు తగ్గించలేని బిడ్డ – మస్జిదు మర్యాద

నమాజులో ఏకాగ్రత ముఖ్యమా, అల్లరి చేసే బిడ్డను మస్జిదుకు తీసుకురావడం ముఖ్యమా? మా మొహల్లా పెద్దాయన ఒకరు ఇటీవల నన్నీ ప్రశ్న అడిగారు. ఆయన అడిగింది నా కొడుకు గురించే.

మా అబ్బాయికి ఏడేళ్లు. ఆటిజం ఉందని నాలుగో ఏట తెలిసింది. ఆటిజం అనగానే చాలామందికి మాట రాక ఓ మూల కూర్చునే బిడ్డ గుర్తుకొస్తాడు. అందరూ అలా ఉండరు. మావాడు నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా మాట్లాడుతూనే ఉంటాడు, అదీ వీధి చివరికి వినిపించేలా. మేముండేది కాజీపేటలో, రైలు పట్టాల దగ్గర. అందుకని వాడి మాటలన్నీ రైళ్లే. "దయచేసి వినండి" అని మొదలుపెట్టి ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ అంటూ సికింద్రాబాద్ చేరతాడు. అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి. రోజుకు ఎన్నిసార్లో లెక్కపెట్టడం వాళ్లమ్మ ఎప్పుడో మానేసింది.

ఓ శుక్రవారం నేను ఖుత్బా ఇస్తుండగా రెండో వరుసలోంచి "దయచేసి వినండి" అని కేక వినిపించింది. కొందరు నవ్వారు, కొందరు "ష్, చుప్!" అన్నారు. ఆ రోజు నా అంశం ఏమిటో చెప్పడానికి సిగ్గేస్తోంది. సబ్ర్. ఇంటికి వెళ్లాక వాడి నోరు చేత్తో గట్టిగా మూసి అరిచాను. వాడు ఏడవలేదు, చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత పదకొండు నెలలు వాణ్ణి మస్జిదుకు తీసుకెళ్లలేదు. నమాజీల హక్కు కోసమని అందరికీ చెప్పాను. నిజానికి నేను కాపాడుకున్నది నా పరువు.

పెద్దాయన రెండు ఆధారాలు చూపారు. మొదటిది, చిన్నపిల్లల్నీ మతిలేనివారినీ మస్జిదులకు దూరంగా ఉంచమనే ఇబ్నె మాజా ఉల్లేఖనం. అది బలహీనమైనదని హదీసు పండితులు తేల్చారు. దానికి ఎదురుగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ప్రామాణిక హదీసులున్నాయి. దైవప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు ఎంత విలవిల్లాడుతుందోనని నమాజును కుదించారు. ఆ తల్లి ఇక రాకూడదని మాత్రం అనలేదు.

రెండోది, పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు మస్జిదుకు రాకూడదన్న ఆదేశం. నమాజీలకు బాధ కలిగించే దేనికైనా ఇది వర్తిస్తుంది కదా అన్నారు. వాదన బాగుంది, కాదనను. కానీ ఉల్లిపాయ మనిషి తన ఇష్టంతో తింటాడు. రేపు తినకుండా ఉండగలడు. ఈ బిడ్డ తన గొంతును ఏ ఇంట్లో వదిలిపెట్టి రావాలి?

ఈ సందర్భంలో సాబిత్ బిన్ ఖైస్ (రజి) గారిని తలచుకోవాలి. ఆయనది పుట్టుకతోనే పెద్ద గొంతు. దైవప్రవక్త (స) స్వరం కన్నా మీ స్వరం పెంచకండి, మీ కర్మలు వృథా అయిపోతాయి అనే హెచ్చరిక హుజురాత్ సూరాలో అవతరించినప్పుడు, అది తన గురించేనని భయపడి ఆయన ఇంట్లో కూర్చుండిపోయారు. ప్రవక్త (స) ఆయన ఏడని ఆరా తీశారు. సంగతి తెలిశాక, నీవు నరకవాసివి కావు, స్వర్గవాసివని కబురు పంపారు. ఆ ఆయతు అహంకారంతో, నిర్లక్ష్యంతో గొంతు పెంచేవారిని ఉద్దేశించినది. గొంతే అలాంటిదైనవాణ్ణి వెతికించి మరీ ఊరడించారు. మనమేమో అలాంటివాడు ఇంట్లోనే ఉండిపోతే హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాం.

ఇంకో మాట. యుక్తవయసు రాని బిడ్డ మీద కలం ఎత్తివేయబడింది. వాడి మాటలు వాడి ఖాతాలో రాయబడవు. కానీ ఖుత్బా వేళ పక్కవాణ్ణి "ఊరుకో" అనడం కూడా వ్యర్థ పలుకేనని హదీసు చెబుతోంది. ఆ శుక్రవారం మస్జిదు మర్యాద తప్పినవారెవరో పాఠకులే ఆలోచించండి.

అంటే బిడ్డను అలాగే వదిలేయమనా? కాదు. స్వరం తగ్గించమని లుఖ్మాన్ తన కొడుక్కే బోధించారు. అయితే అది తండ్రి చెప్పిన ఉపదేశం, చెంపదెబ్బ కాదు. తన గొంతు ఎంత పెద్దదో ఈ పిల్లల్లో చాలామందికి తెలియదు. "మెల్లగా" అన్న మాటకు వాళ్ల మనసులో కొలత లేదు. స్పీచ్ థెరపీ ఇచ్చే సోదరి మాకు వేళ్ల లెక్క నేర్పింది. ఒక వేలు చూపితే గుసగుస, రెండైతే ఇంట్లో గొంతు, ఐదైతే మైదానం. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు రెండు వేళ్లకు ఒక్కోసారి లొంగుతాడు.

మాటలకు అడ్డుపడవద్దు, అందులోకి దిగమని కూడా ఆమె చెప్పింది. ఓ రోజు "ఆలేరులో దిగుదామా బేటా?" అని అడిగాను. "వద్దు అబ్బా, నానీమా జనగామలో ఉంది" అన్నాడు. మూడేళ్లుగా వాడు చదువుతున్నది స్టేషన్ల జాబితా అనుకున్నాను. వాడు నానీమా ఇంటికి తీసుకెళ్లమని అడుగుతున్నాడేమో!

అనస్ (రజి) గారు పదేళ్లు సేవ చేస్తే దైవప్రవక్త (స) ఒక్కసారి కూడా ఛీ అనలేదట. మనం ఆ స్థాయి వాళ్లం కాము. అలసట రావడం, చెవులు హోరెత్తడం పాపం కాదు. అల్లాహ్ శక్తికి మించిన భారం మోపడు. కానీ చెయ్యి లేచిందా, దానికి లెక్క ఉంటుంది. నేను మస్జిదులోనూ మద్రసాలోనూ గడిపే గంటలన్నీ నా భార్య ఆ గొంతు మధ్యే గడుపుతుంది. ఆమెకు రోజూ ఓ గంట నిశ్శబ్దం ఇవ్వడం నా మీద ఆమెకున్న హక్కు అని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

తల్లి పాపమనీ, జిన్ను పట్టిందనీ తావీజులు అమ్మేవారి మాటలు నమ్మకండి. పాశ్చాత్య వైద్యులు కొందరు కూడా ఒకప్పుడు తల్లి ప్రేమ లోపమే కారణమన్నారు. అది తప్పని తేలింది. టీకాను అనుమానించిన 1998 నాటి వ్యాసాన్ని దాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. ధ్రువపత్రం తీసుకోవడంలో నామోషీ లేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఈ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

పొరుగువారికీ హక్కుంది. పక్కింట్లో ఫజ్ర్‌కు ముందు నిద్రపోయే వృద్ధుడుంటే కిటికీ మూయాల్సింది మేమే. మస్జిదులో కూడా వాణ్ణి ఇప్పుడు రెండో వరుసలో కూర్చోబెట్టం. చివర్లో, తలుపు పక్కన, వాళ్ల మామూతో కూర్చుంటాడు. గొంతు మూడు వేళ్లు దాటితే ఇద్దరూ వరండాలోకి వెళ్లి, తగ్గాక వస్తారు.

పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. గత శుక్రవారం మాత్రం "దయచేసి వినండి" అని వినబడినప్పుడు ఆయన వెనక్కి తిరగలేదు.