వేదనయు విషాదమును

చిరకాలపు నొప్పితో బాధపడువారున్న యింట నొక ప్రశ్న తప్పక పుట్టును. నొప్పి యుండుటచేత దిగులు కలిగినదా, దిగులుండుటచేత నొప్పి కలిగినదా? వినుట కిది తర్కశాస్త్రపు ప్రశ్నవలె నుండును గాని, యింటివారు దీనిని తప్పెవరిదో తేల్చుటకై యడుగుదురు. నొప్పియే ముందైనచో జాలిపడవలయును. దిగులు ముందైనచో మందలింపవచ్చును. ఎముకలలో లోపమేమియు గానరాలేదని ఎక్స్‌రే చూచిన వైద్యుడు చెప్పినంతనే తీర్పు ముగియును. "ఇదంతయు నీ మనస్సులోనే యున్నది" అను మాట నాడు మొదలగును.

ఆ మాటలో రెండు దోషములు గలవు. దేహమునందున్నదే నొప్పి, మనస్సునందున్నది బూటకము అని తలంచుట మొదటిది. వేదనను గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘమువారు 1979లో నిచ్చిన నిర్వచనమునందే నొప్పి యింద్రియానుభవమును, భావానుభవమును గూడ నని చెప్పిరి. 2020లో దానిని సవరించినపుడు, నాకు నొప్పిగా నున్నదని యొకరు చెప్పినచో నా మాటను గౌరవింపవలెనని వివరణమున చేర్చిరి. మన సాంఖ్యులును ఆధ్యాత్మిక దుఃఖమును శారీరము, మానసము అని విభజించిరి. రెంటిని దుఃఖమనియే పిలిచిరి. ఇక రెండవ దోషము, మనస్సులోనున్నది మన చేతిలో నున్నట్లే యనుకొనుట. జ్వరమును మానుకొమ్మని రోగి నాజ్ఞాపించువారు లేరు. దిగులును మానుకొమ్మని యాజ్ఞాపించువారు వీథికి పదిమంది.

మూడు మాసములు మించిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమందురు. అట్టి నొప్పి మొదట నిద్రను చెఱచును. నిద్రలేని దేహమునకు నొప్పి హెచ్చుగా తోచును. క్రమముగా పనియు, పేరంటములును, స్నేహితులును దూరమగుదురు. దేహమునందును వీని మార్గములు కలిసియే యున్నవి. మెదడునుండి వెన్నుపామునకు దిగివచ్చు కొన్ని నాడులు నొప్పిని కొంతవఱకు అడ్డగించును. వానికి తోడ్పడు సెరటోనిన్, నారడ్రినలిన్ అను పదార్థములకు మనఃస్థితితోడను సంబంధము కలదు. అందుచేతనే డ్యులాక్సిటీన్ అను మందును కుంగుబాటునకును, మధుమేహమువలన పాదములలో పుట్టు మంటకును గూడ నిచ్చుచున్నారు. అమిట్రిప్టిలీనును తక్కువ మోతాదులో నరముల నొప్పికి వాడుదురు. ఇది పిచ్చివారి మందని యెవరో చెప్పగా విని, చీటీని చించివేసిన విద్యావంతులను నేనెఱుగుదును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇటలీ రణరంగమునందు పనిచేసిన హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు, తీవ్రముగా గాయపడిన సైనికులలో నించుమించు నాలుగింట మూడువంతులవారు నొప్పి తగ్గుటకు మందు కోరలేదని 1946లో వ్రాసెను. ఆ సైనికునకు గాయమన్న ప్రాణముతో యుద్ధమునుండి బయటపడుట యని యాయన వివరించెను. ఇది విన్నవారు, "చూచితిరా, మనోబలమున్నచో నొప్పి యేపాటి!" అందురు. నాకట్లు తోపదు. ఆ సైనికుడు తన గాయమునకు అర్థమును తానుగా కల్పించుకొనలేదు. అతని పరిస్థితి దాని నిచ్చినది. వంటయింటిలో మోకాళ్లు పట్టుకొని లేచుచున్న యిల్లాలి నొప్పి యామెకు దేనినుండి విముక్తి నిచ్చును?

మా యక్కగారికి పదునెనిమిది సంవత్సరములుగా కీళ్లవాతము. ఉదయమున చెంబు పట్టుకొనుటకు వ్రేళ్లు వంగవు. ఒకనాడు నాతో ననినది: "నొప్పి సంగతి సరేరా. ఎలా ఉందని అడుగుతారే, దానికి జవాబు చెప్పడమే కష్టం. బాగుందంటే పని చెబుతారు, బాగులేదంటే మొహం ముడుచుకుంటారు." ఆమె కొన్ని మాసములనుండి మాటలాడుటయే మానినది. మేమందఱము దానిని సహనమని మెచ్చుకొనుచుంటిమి. మన యిండ్లలో స్త్రీల మౌనమునకు ఆ గౌరవనామము సులభముగా దొరకును.

బౌద్ధ సూత్రమొకటి, దేహమునకు తగిలిన బాణము మొదటిదనియు, దానికై శోకించుట రెండవ బాణమనియు చెప్పును. లోతైన మాటయే. ఐనను దీనిని రోగికి బోధించుటకు ముందు, ఆ రెండవ బాణమును ప్రతిసారియు రోగియే తనపై వేసికొనుచున్నదా యని చుట్టునున్నవారు విచారింపవలదా? పూర్వజన్మ కర్మమని యొకరు, సోమరితనమని యొకరు, మా యత్తగారింతకంటె బాధపడియు నవ్వుచుండెడివారని వేఱొకరు — అమ్ములపొది వారి భుజముననే యున్నది.

దీనికి ప్రతికూలమైన పొరపాటు దయగలవారిది. "అంత నొప్పి యున్నవారికి దిగులుండదా" యని వారు సమాధానపడుదురు. నొప్పి గలవారందఱును కుంగిపోరు. కుంగినవారికి చికిత్స యున్నది. ప్రియమైన వానిపై రుచి పోవుట, తన వలన నందఱికి భారమను తలంపు, బ్రతుకు చాలుననుట — ఇవి వారములతరబడి నిలిచినచో కీళ్ల వైద్యునకును ఆ సంగతి చెప్పవలయును. ఆయన యడుగుననుకొని యూరకుండరాదు. చచ్చిపోవుదునను మాట విన్ననాడు మఱునాటివఱకు ఆగరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీ మానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

మా యక్కగారికి రెండు చికిత్సలును కలిపి జరుగుచున్నవి. నొప్పి పోలేదు, నిద్ర వచ్చుచున్నది. మధ్యాహ్నములందు మనుమరాలిచేత భాగవతము చదివించుకొని, దాని యుచ్చారణ దోషములకు విసుగుకొనుచున్నది.