మూడు కుప్పలు, ఒక మొగులు

యాసంగి కోతలు ముగిసిన రోజులు. మూసీ కాలువ కింద పండిన వడ్లన్నీ కేతేపల్లి కల్లానికి చేరాయి. కల్లంలో ఒక పక్కన మూడు కుప్పలు వరుసగా ఉన్నాయి. మొదటిది ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషిది. రెండోది హైదరాబాద్‌లో కాపురముంటూ ఫోన్ మీద సేద్యం చేయించే ఆయనది. మూడోది రెండెకరాలు కౌలుకు పట్టిన ఒకామెది.

ఆ ఏడు మేడే శుక్రవారం వచ్చింది. హమాలీలకు అది ఏడాదికోసారి వచ్చే తమ పండుగ. ఎర్రజెండా ఎగరేసి సెలవు తీసుకున్నారు. శని, ఆదివారాలు పెళ్లి ముహూర్తాలు. లారీలు కూడా లేవు. కాంటా మళ్లీ సోమవారమే అన్నారు.

గురువారం సాయంత్రమే బేగంపేట వాతావరణ కేంద్రం సూచన వచ్చింది. మూడు రోజులు పగటి ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రాలు నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు.

పెద్దమనిషి విని చెయ్యి విదిలించాడు. "ఒకటి రెండు చోట్లంటే యాడ? నా కుప్ప మీదనే పడ్తదని చెప్పిన్రా?" వడ్లు ఎలా ఉన్నాయో అలాగే వదిలేశాడు. హైదరాబాద్ ఆయనకు మాత్రం భయం పట్టుకుంది. అప్పటికప్పుడు కూలీలను పెట్టి కుప్ప మీద రెండు పొరల పట్టా కప్పించాడు. నాలుగు పక్కలా గట్టిగా బిగించమన్నాడు. "సోమవారం దాకా ఎవ్వరూ ఇప్పొద్దు" అన్నాడు.

కౌలు రైతు దగ్గర పట్టా లేదు. ఆ రాత్రే నకిరేకల్ పోయి కిరాయికి తెచ్చింది. తెల్లారి ఎండ ఎక్కుతుండగానే వడ్లు పలచగా ఆరబోసింది. గంటకోసారి ఉత్త కాళ్లతో గింజల మధ్య నడుస్తూ సాళ్లు తీసింది. మధ్యాహ్నానికి ఆ గింజలు అరికాళ్లను కాల్చేవి. రెండు గింజలు పంటి కింద పెట్టి కొరికి చూసేది. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా అణిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. మూడు గంటలకు చెక్కపలకతో వడ్లన్నీ మెరక మీదికి లాగి, కుప్ప చేసి, పట్టా కప్పేది. అంచుల మీద ఇసుక నింపిన సంచులు పెట్టేది. పైనుంచి పారే నీళ్లు కుప్ప కిందికి రాకుండా పారతో జానెడు కాలువ తీసింది. నాలుగు గంటలకల్లా పని అయిపోవాలన్నది ఆమె పట్టుదల.

శుక్రవారం సాయంత్రం నకిరేకల్ దిక్కు మొగులు కమ్మింది. వాన అక్కడే కురిసిపోయింది. కేతేపల్లికి దుమ్ము వచ్చింది, చినుకు రాలేదు. శనివారం అదీ లేదు.

"ఏమ్మా కోడలా, రెండ్రోజుల సంది నడుం ఇరగ్గొట్టుకుంటున్నవు. వానేదే?" అన్నాడు పెద్దమనిషి.

"అస్తదని కాదు మామా. అస్తే నాకు ఇంకో కుప్ప లేదు."

ఆదివారం నాలుగున్నరకు గాలి లేచింది. పెద్దమనిషి కొడుకులు పట్టా పట్టుకుని ఉరికారు. విప్పేలోపే గాలి దాన్ని చేతుల్లోంచి లాక్కుపోయింది. వాళ్లు దాని వెంట పరుగెడుతుంటే కల్లం పక్క తాటిచెట్టు మీద పిడుగు పడింది. "వడ్లు పోతే పోనీ కొడుకా, లోపలికి రాండ్రి!" అని కౌలు రైతు వడ్ల కొనుగోలు సెంటర్ గది వాకిట్లోంచి గొంతు చించుకుంది. వాళ్లు వచ్చారు. వాళ్లు బతికారన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం.

ముప్పావు గంట కురిసి వెలిసింది. పెద్దమనిషి వడ్లు నీళ్లలో కొట్టుకుపోయి రోడ్డు అంచుకు చేరాయి. హైదరాబాద్ ఆయన వడ్లు తడవలేదు. కానీ మూడు రోజుల ఎండలో గాలి ఆడక లోపల ఉక్కబట్టాయి. సోమవారం తేమ మిషన్ పెడితే 17 శాతం దాటింది. మళ్లీ ఆరబోయమన్నారు. కౌలు రైతుకు అంచున ఒక గంపెడు తడిసింది. మిగతా వడ్లు ఆ పూటే కాంటా ఎక్కాయి.

నీతి: వాన సూచన వింటే "పడుతుందా, పడదా" అని వాదులాడి లాభం లేదు. పడితే నేను తట్టుకోగలనా అని చూసుకుని, తట్టుకోలేనిది ముందుగా కాపాడుకోవాలి. సూచన మన చేతికిచ్చేది సాయంత్రం నాలుగింటికల్లా పని ముగించుకునే ఆ గడువే.

పెద్దమనిషి "యాడ?" అని అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు, దానికి జవాబుంది. బాగా కాగిన నేల మీది వేడి గాలి బంగాళాఖాతం తేమను మోసుకుని పైకి లేచినప్పుడు క్యుములోనింబస్ మేఘం కడుతుంది. దాని వెడల్పు కొన్ని కిలోమీటర్లే, ఆయుష్షు గంటో కాస్త అటూ ఇటో. అందుకే ఒక ఊరు మునుగుతుంది, పక్క ఊరు ఎండుతుంది. వాతావరణ శాఖ "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని లెక్క. ఏ దిక్కుకు వస్తోందో రాడార్ చూసి చెప్పే హెచ్చరిక ఎక్కువలో ఎక్కువ మూడు గంటల ముందు మాత్రమే అందుతుంది. పసుపు రంగు వేస్తే కనిపెట్టుకుని ఉండమని, నారింజ వేస్తే సిద్ధం కమ్మని, ఎరుపు వేస్తే వెంటనే కదలమని అర్థం. మొగులు నెత్తి మీదికి వచ్చాక బయలుదేరితే కల్లంలో నిలబడ్డ మనిషే అన్నిటికన్నా ఎత్తు. పిడుగు వెతికేది ఆ ఎత్తునే.

ఈ నీతిని రైతు ఒక్కరికే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. మేడే సెలవని అందరికీ ముందే తెలుసు. వాన సూచన గురువారమే వచ్చింది. ఆ సాయంత్రానికే సెంటర్ వాళ్లు కల్లంలో పట్టాలు దించి, పంచాయతీ మైకులో సూచన చదివి వినిపించి ఉంటే, కౌలు చేసుకునే ఆమె కిరాయి పట్టా కోసం రాత్రిపూట నకిరేకల్ దాకా పోవలసిన పని ఉండేది కాదు.